మొదటి ముద్ద ఎవరిది?

మా ముత్తాతగారు ఈ రేవులో పడవల యజమాని. ఓడలు ఒడ్డుకు రాలేక దూరాన సముద్రంలోనే లంగరు వేసుకుని నిలబడే కాలంలో, కరక్కాయల బస్తాలైనా బెల్లం దిమ్మలైనా మాంగనీసు రాయైనా మా పడవల మీద తప్ప ఓడ చేరేవి కావు. మా తాతగారు ఆ పడవలకూ, పాత ఊళ్లో సముద్రం వైపు తలుపులున్న గిడ్డంగులకూ వారసులు. ఆయన వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవారు లేచి నిలబడేవారని పెద్దవాళ్లు చెప్పగా విన్నాను. తర్వాత హార్బరు తవ్వారు, ఓడలు తిన్నగా లోపలికే వచ్చి గట్టుకు ఆనుకున్నాయి, మా పడవలు ఇసుకలో బోర్లపడి ఎండిపోయాయి. మా నాన్నగారు అదే రేవులో, ఓడ దిగే బస్తాలను పక్కన నిలబడి సరిచూసే టాలీ గుమస్తా. నేను ఉక్కు కర్మాగారంలో చేసి రిటైరయినవాణ్ణి. మా నలుగురిలో ఏ ఒక్కరం వెన్ను వంచి నడవలేదు. డాబుకు చెప్పడం లేదు, నేను చెప్పబోయేది అర్థం కావాలంటే ఇది తెలిసి ఉండాలి.

ఈమధ్య పిత్తాశయంలో రాళ్లు తీయించుకోవడానికి రుషికొండ వెళ్లే దారిలో ఉన్న ఒక కొత్త ఆసుపత్రిలో చేరాను. ఏమీ తినకూడదు, ఏమీ తాగకూడదు అని ముందురోజు నుంచే ఫోనుకు సందేశాలు వస్తూ ఉన్నాయి. తెల్లవారాక మా మనవరాలి ఈడు నర్సమ్మాయి ఒకతె వచ్చి, "ఏటైనా తినీసారా అంకుల్? నీళ్లు గానీ తాగీసారా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. చేతికి పట్టీ కట్టి, నవ్వి, వెళ్లిపోయింది. అంతే. ఒక మనిషిని ఖాళీ కడుపుతో ఆపరేషన్ బల్ల దాకా చేర్చడం ఇంత సులువైన పనా అని, నొప్పిలో కూడా నాకు నవ్వు వచ్చింది. ఎందుకంటే వయసులో ఉన్నప్పుడు మా నాన్నగారిని అలా చేర్చడానికి నేను పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు. అయితే చేర్చాను. నా ఉద్యోగ జీవితంలో కొలిమి పక్కన ఎన్నో పనులు సాధించాను గానీ, అంత నిండైన గెలుపు నాకు మళ్లీ దొరకలేదు.

మా ఇంటికొక శాసనం ఉండేది. ఎక్కడా రాసి లేదు, రాయవలసిన అవసరమూ ఎవరికీ కలగలేదు. మా ఇంటికి వచ్చిన మనిషి ఒంటరిగా తినకూడదు, పస్తుగా పోకూడదు. పంక్తి వేస్తే అందులో మొదటి ముద్ద ఇంటి యజమానిది, ఆయన ముట్టనిదే రెండోవాడు విస్తట్లో చెయ్యి పెట్టడు. పడవల కాలంలో ఈ పద్ధతికి ఒక అర్థం ఉండేదట. సముద్రం మీదికి పోయే కళాసీలకు పెట్టిన అన్నం మంచిదేనని, యజమాని తాను ముందు తిని చూపించాలి. పడవలు పోయాయి, కళాసీలు చెదిరిపోయారు, గిడ్డంగులు ఎవరెవరివో అయ్యాయి, మేము ఇంట్లో ముందు భాగానికి కుదించుకుపోయాం. మొదటి ముద్ద మాత్రం నాన్నగారు వదల్లేదు. కరెంటు మీటరు చూడడానికి వచ్చిన మనిషిని కూడా కూర్చోబెట్టి, అంతకుముందే భోజనం ముగించుకుని ఉన్నా సరే, మళ్లీ విస్తరి వేయించుకుని తాను ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఆ తర్వాతే అతణ్ణి తినమనేవారు. మా అమ్మ వంటింట్లోంచి చూసి నుదురు కొట్టుకునేది.

అప్పట్లో ఉక్కు కర్మాగారం ఇంకా గోడలు లేపుకుంటోంది. నేను అందులో కొత్తగా చేరాను. ఒకరోజు పని నుంచి వచ్చేసరికి నాన్నగారు మంచం మీద ముడుచుకుని ఉన్నారు. ఆయన ముడుచుకోవడం నేను చూడడం అదే మొదటిసారి. చాలాకాలంగా గజ్జలో హెర్నియా ఉందట, ఎవరికీ చెప్పలేదు, పంచె బిగించి కట్టుకుని అలాగే ఓడల దగ్గర నిలబడేవారు. ఆసుపత్రికి తీసుకెళ్తే సర్జన్‌గారు చేత్తో నొక్కి పేగును లోపలికి పంపారు. ఇది మళ్లీ జారి మెలిపడితే పేగు చచ్చిపోతుంది, అప్పుడు మనిషి దక్కడం కష్టం, ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయించమన్నారు. ఈ సర్జన్‌గారు గోదావరి జిల్లా మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద ఉంటారేమో, మాట గట్టి, చెయ్యి మెత్తన.

పెద్ద వార్డులో చేర్చాం. వార్డు సిస్టరమ్మ ఇక్కడి మనిషే, పుట్టిపెరిగింది పద్మనాభం వైపు. ఆవిడ నాన్నగారి పద్ధతి ఒక్క చూపులో కనిపెట్టినట్టుంది, మొదటి రోజే బాబుగారూ అని పిలవడం మొదలుపెట్టింది. ఆపరేషన్ ముందు ఏయే జాగ్రత్తలు పాటించాలో అన్నీ చెప్పింది. పొట్ట కడగడాలూ క్షవరాలూ ఆయన పెదవి బిగించి సహించారు. ఆఖరికి, పొద్దున్న లేచాక చుక్క నీళ్లు కూడా ముట్టవద్దని రెండుసార్లు చెప్పింది. ఆయన తల ఊపారు. ఆ తల ఊపడం చూసి నేను ధైర్యంగా నిద్రపోయాను.

తెల్లారాక నేను మందుల కోసం బయటికి వెళ్లి వచ్చేలోగా భీమిలి వైపు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. మా పడవలు నడిపిన సరంగు కొడుకు. అంటే పడవ మీద కళాసీలందరికీ పెద్దయిన మనిషి కొడుకు. బాబుకు ఒంట్లో బాగాలేదని ఎవరో చెబితే, కోడలి చేత వంజరం చేప పులుసు వండించి, కేరియర్‌లో అన్నం పెట్టుకుని మొదటి బస్సెక్కి వచ్చాడు. ఆపరేషన్ సంగతి అతనికి తెలియదు. నాన్నగారు అతనికి సంగతి చెప్పి, నువ్వు తిను అన్నారట. "మీరు ముద్ద ముట్టకుండా నానెలా తింతాను బాబూ? మా అయ్య తిన్నాడేటి ఎప్పుడైనా?" అని అతను కేరియర్ మూత పెట్టేయబోయాడట. ఇంకేముంది. నేను వచ్చేసరికి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు, వార్డంతా వంజరం పులుసు వాసన.

సర్జన్‌గారు వచ్చి ఇంతెత్తున లేచారు. "ఏం చెప్పామండీ మీకు? నీళ్లు కూడా వద్దన్నాం కదండీ! మత్తులో ఆ తిన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ఎవరండీ బాధ్యులు?"

"ఒక్క ముద్దేనండి డాక్టరుగారూ," అన్నారు నాన్నగారు, తుడుచుకున్న చెయ్యి పంచె మీద పెట్టుకుని, నిటారుగా కూర్చుని. "మరి వొచ్చినవాడు పస్తుంటాడేటండి?"

సరంగు కొడుకు గోడకు చేరబడి "నానేటి సేసీసాను బాబూ" అని ఏడుస్తున్నాడు. ఆ రోజుకు ఆపరేషన్ లేదు.

మర్నాడు నేను సెలవు పెట్టి, బయటి గుమ్మం దగ్గరే కాపలా కూర్చున్నాను. మా వాళ్లు ఎవరు వచ్చినా దండం పెట్టి వెనక్కి పంపాను. శత్రువు లోపలే ఉన్నాడని నాకేం తెలుసు? పక్క మంచం మీద పాత ఊరి బట్టల వ్యాపారి ఒకాయన, ముస్లిం పెద్దమనిషి, కడుపు ఆపరేషన్ అయి ఎన్నాళ్ల నుంచో సెలైన్ మీద ఉన్నాడు. సరిగ్గా ఆ పొద్దున్నే ఆయనకు ఇడ్లీ తినవచ్చని చెప్పారు. ఆయన భార్య విప్పి పెట్టింది. ఆయన నోటి దాకా తీసుకెళ్లి ఆపి, "బాబుగారూ, ఇన్నాళ్లకి అల్లా దయవల్ల ముద్ద సూస్తన్నాను. మీరలా ఎదర కూకుని సూస్తంటే నాకు దిగుతాదేటండి?" అన్నాడు. చావు తప్పించుకున్న మనిషి మొదటి ముద్ద ఒంటరిగా తినడమా? నాన్నగారు చెయ్యి చాచారు. చిన్న ముక్కేనట. సిస్టరమ్మ ఇంజెక్షన్‌తో వచ్చేసరికి ఇద్దరూ పాత ఊళ్లో ఎవరి ఇల్లు ఏ వీధిలో ఉండేదో మాట్లాడుకుంటున్నారు.

"ఓలమ్మో! ఇయ్యాలా తినీసారా బాబుగారూ?" అని ఆవిడ ఇంజెక్షన్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ మధ్యాహ్నమే పేగు మళ్లీ జారింది. నాన్నగారు అరవలేదు, మంచం పట్టె పట్టుకుని కళ్లు మూసుకున్నారు. పిడికిలి తెల్లబడడం చూసి నేను పరుగెత్తాను. సర్జన్‌గారు వచ్చి చాలాసేపు కష్టపడి లోపలికి పంపారు. ఈసారి ఆయన కోపగించుకోలేదు, అదే నాకు భయం కలిగించింది. రేపు పొద్దున్న మొదటి కేసుగా చేసేస్తాను, ఇంకోసారి జారితే నా చేత కాదు, రేపు కూడా తిన్నారంటే మత్తు ఇవ్వడానికి ఎవరూ ఒప్పుకోరు, అని నన్ను పక్కకు తీసుకెళ్లి చెప్పారు.

నేను వెళ్లి నాన్నగారిని మాట ఇమ్మని అడిగాను. ఆయన ఇవ్వనన్నారు. "మాటిచ్చి తప్పడం మనింట లేదురా. రేపెవడో వొస్తాడు. అప్పుడు తప్పాలి. అందుకని ఇవ్వను." తర్కంలో ఎక్కడా పగులు లేదు. అమ్మ నా వైపు తిరిగి, "ఈ మనిషికి ఆకలి లేదురా, పరువుంది. దానికి మందేటుందో అడుగు మీ డాక్టర్ని" అంది. కళ్లు తుడుచుకుంటూనే అంది.

మందు అడగడానికే వెళ్లాననుకోండి. సర్జన్‌గారి గదిలోకి వెళ్లేసరికి పొద్దు వాలుతోంది. బల్ల మీద భోజనం కేరియర్ ఇంటి నుంచి వచ్చింది వచ్చినట్టే, మూత తీయకుండా ఉంది. ఇంకా భోజనం కాలేదా అని మర్యాదకు అడిగాను. కత్తి పట్టిన రోజు ఆఖరి కేసు అయ్యేదాకా ముట్టనని, చదువుకునే రోజుల్లో తన గురువుగారి దగ్గర అబ్బిన అలవాటని, ఇంకొక కేసు మిగిలి ఉందని ఆయన అన్నారు. నేను వచ్చిన పని మరిచిపోయి ఆ కేరియర్ వైపే చూస్తూ నిలబడ్డాను. నాకు వెలుగు కనిపించింది. ఏమీ అడగకుండానే దండం పెట్టి బయటికి వచ్చేశాను.

మా నాన్నగారి ముందు మేమెవరం కూర్చునేవాళ్లం కాదు. మంచం పక్కన నిలబడే అడిగాను.

"నాన్నగారూ, మనం ఇప్పుడు ఎవరి ఇంట్లో ఉన్నామండి?"

"ఏటా ప్రశ్న? సర్కారుది."

"సర్కారు వచ్చి పంక్తిలో కూర్చోదు కదండీ. ఈ కప్పు కింద పెద్ద ఎవరు?"

జవాబు కోసం నేను ఆగలేదు. మన శాసనం ప్రకారం మొదటి ముద్ద ఇంటి పెద్దది, ఇక్కడ ఇంటి పెద్ద సర్జన్‌గారు, పని అయ్యేదాకా ఆయన ముట్టరు, పొద్దు వాలుతున్నా ఆయన కేరియర్ మూత తీయలేదు, మరి ఆయన ముట్టకముందే ఆయన ఇంట్లో మీరు రెండు రోజులుగా ముద్ద ఎత్తుతున్నారు, మన పంక్తిలో ఎవరైనా అలా చేస్తే తాతగారు ఊరుకునేవారా, అని అడిగేశాను. అడుగుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పక్క మంచం వ్యాపారి దుప్పటి గడ్డం దాకా లాక్కుని వింటున్నాడు.

నాన్నగారు పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశారు. ఆ చూపులో ఆయన ఏం దాటుతున్నారో నాకు తెలుసు. గుమస్తా పని చేస్తున్నా, అద్దె రిక్షాలో వెళ్తున్నా, ఆ రోజు వరకూ ఆయన కూర్చున్న చోటల్లా ఆయనే యజమాని. ఇంకొకరి కప్పు కింద తాను అతిథినని ఒప్పుకోవడం ఆయనకు గిడ్డంగి తాళాలు అప్పగించడం కంటే పెద్ద పని. ఆఖరికి నా వైపు తిరిగారు.

"అయితే ఆయన నన్ను పిలిచాడా? పిలవని పంక్తిలో నేను కూర్చోను."

మళ్లీ వెళ్లాను. ఎవరినీ ఏదీ అడగని వంశంలో పుట్టి, ఒక పరాయి మనిషిని ఇటువంటి వింత కోరిక ఎలా కోరాలో తెలియక, జరిగింది జరిగినట్టు చెప్పేశాను. నవ్వుతారనుకున్నాను. సర్జన్‌గారు నవ్వలేదు. కలం కింద పెట్టి, చేతులు కడుక్కుని, నా కంటే ముందు నడిచారు. వార్డులో నాన్నగారి మంచం ముందు నిలబడి, ఒక ఇంటి గుమ్మంలో నిలబడి పిలిచినట్టు చేతులు జోడించారు.

"బాబుగారూ, రేపు తమరు మా ఇంటి అతిథండి. నా పని అయ్యేదాకా నేను ముట్టనండి, తమరూ ముట్టకూడదండి. పథ్యం పెట్టిన రోజు ఇద్దరం కలిసి తిందామండి. మాకూ మర్యాద తెలుసండి, గోదారోళ్లం."

నాన్నగారు, కదలకూడదని చెప్పినా, లేచి కూర్చున్నారు. కూర్చుని నమస్కారం అందుకున్నారు. "వొస్తానండి," అన్నారు.

మర్నాటి ఉదయాన్ని నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో! నేను కాపలా కూర్చోలేదు. తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. ముందుగా వ్యాపారి భార్య అందరికీ టీ పోసింది, అలవాటుగా ఒక గ్లాసు ఇటు చాచింది. నాన్నగారు చెయ్యెత్తి, పంక్తి పెద్దలా గంభీరంగా, "వొద్దమ్మా. ఇంటాయన ఇంకా ముట్టలేదు" అన్నారు. వ్యాపారి గబుక్కున తన గ్లాసు కూడా కింద పెట్టేశాడు. "మరి మేమెలా తాగుతామండి?" అన్నాడు. ఎదుటి మంచం మీద కాలు విరిగిన లారీ డ్రైవరు, "నాకు ఆపరేషనూ లేదు పాడూ లేదు, నన్నొగ్గీండి బాబూ, తల పగిలిపోతంది!" అని మొత్తుకుంటే వార్డంతా ఘొల్లున నవ్వింది. నాన్నగారు నవ్వి అతనికి మాత్రం అనుమతి ఇచ్చారు. అతను నిజంగానే ఆ అనుమతి దాకా ఆగి తాగాడు.

ఆ తర్వాత సరంగు కొడుకు వచ్చాడు, ఈసారి ఉత్త చేతులతో. నాను కూడా పొద్దున్నుంచి ఏటీ ముట్టలేదు బాబూ అన్నాడు. సిస్టరమ్మ ఇంజెక్షన్ పట్టుకుని అనుమానంగా నాన్నగారి పెదవులు చూసి, చేతులు చూసి, చివరికి మంచం కింద కూడా వంగి చూసింది.

"నిజం సెప్పండి బాబుగారూ, ఇయ్యాలేటి తిన్నారు?"

"నీ యజమానిని అడగమ్మా. ఆయన ఏటి తిన్నాడో నాదీ అదే."

ఆవిడ ఇంజెక్షన్ ఇచ్చేసింది. స్ట్రెచర్ మీద పడుకుని వెళ్తున్నా కూడా ఆయన తల దిండు మీద ఆనించలేదు. రెండు వైపులా మంచాల మీది వాళ్లు చేతులెత్తుతుంటే ఒక్కొక్కరికీ తల పంకిస్తూ వెళ్లారు. మా తాతగారు వీధిలోకి వచ్చినప్పుడు జనం లేచి నిలబడడం నేను వినడమే గానీ చూడలేదు, అది ఎలా ఉండేదో ఆ రోజు చూశాను.

ఆపరేషన్ చక్కగా జరిగింది. సర్జన్‌గారు బయటికి వచ్చి మాస్కు కిందికి లాగి, అంతా బాగుంది, పేగుకు ఏమీ కాలేదు, సరైన సమయానికి చేశాం అన్నారు. అమ్మ అక్కడే గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. నాలుగడుగులు వేసి ఆయన వెనక్కి తిరిగారు. "మీ నాన్నగారికి మెలకువ వస్తే చెప్పండి, నాకింకా కేసులున్నాయి, నేనూ ముట్టలేదని." నిజంగానే, మెలకువ వచ్చాక నాన్నగారు అడిగిన మొదటి మాట కూడా అదే, ఆయన తిన్నాడా అని.

మాట ప్రకారం, పథ్యం పెట్టిన పొద్దున్న, తనకు కత్తి పట్టే పని లేని రోజున, సర్జన్‌గారు వచ్చారు. స్టూలు లాక్కుని మంచం ఎదురుగా కూర్చున్నారు. అమ్మ ఇంటి నుంచి ఇడ్లీలు చేసి తెచ్చింది, అరిటాకుల్లో పెట్టింది. వ్యాపారికీ, లారీ డ్రైవరుకీ, సిస్టరమ్మకీ కూడా. ఎవరి మంచం మీద వాళ్లు ఆకు ఒళ్లో పెట్టుకుని ఆగారు. ఆ పెద్ద వార్డు ఆ కాసేపు ఒక పంక్తి అయింది. సర్జన్‌గారు ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకుని, నాన్నగారి వైపు చెయ్యి చూపించి, ఇక కానివ్వండి అన్నారు. నాన్నగారు తిన్నారు. నాకు బుద్ధి తెలిశాక మా నాన్నగారు రెండోవారిగా తినడం అదే మొదలు. అందరూ వెళ్లాక నన్ను దగ్గరికి రమ్మని, ఎవరికీ వినపడకుండా, "రెండో ముద్దకి కూడా రుచుంటాదిరా" అన్నారు.

ఆయన ఆ తర్వాత చాలా ఏళ్లు బతికారు. అదే రేవులో, అదే నిటారు నడకతో.

మొన్న నా ఆపరేషన్ అయ్యాక, మధ్యాహ్నం నాకొక ట్రే వచ్చింది. మెత్తటి అన్నం, చారు, మూతల కింద వేడిగానే ఉన్నాయి, వంకపెట్టడానికేమీ లేదు. మంచానికి చుట్టూ తెర లాగి ఉంది. తెర అవతల ఎవరిదో చెంచా చప్పుడు వినిపిస్తోంది. ఆయన ఎవరో, ఏ ఊరివాడో, ఏం జబ్బో నాకు తెలియదు. నా సంగతి ఆయనకూ తెలియదు. ఇప్పటి వైద్యం గొప్పది, మచ్చ కూడా కనపడకుండా రాళ్లు తీసేశారు, మర్నాడే ఇంటికి పంపించారు. నేనేమీ ఫిర్యాదు చేయడం లేదు. ఎవరైనా ముందు మొదలుపెడతారేమోనని మాత్రం కాసేపు ఆగాను, తర్వాత ఒక్కణ్ణే తిన్నాను.

మా ఇంట పంక్తికి వండిన ఇత్తడి గుండిగలను నాన్నగారు పోయిన మరుసటి వేసవిలో తూకానికి అమ్మేశాం.